గోహర్ చెప్పే ఇరవై మూడు పేర్లు

సర్వాబాద్‌లో గోహర్‌ని గోహర్ అని పిలిచేవాళ్లు తక్కువ. రొట్టెల పొయ్యి దగ్గర కనపడితే "ఏమ్మా యువరాణీ, ఇవాళ కూడా మాడ్చేశావా?" అనేవారు. కాలువ దగ్గర కనపడితే "దారివ్వండే, రాణిగారు బిందె ముంచుకుంటారు" అనేవారు. ఎగతాళే, కానీ అందులో విషం లేదు. వాళ్ల నాయనమ్మనీ ఊరు అలాగే పిలిచింది. ఆ ఇంటికి వేరే ఆస్తి లేకపోయినా ఈ పిలుపు మాత్రం ఒకరి తర్వాత ఒకరికి దిగుతూ వచ్చింది.

ఊరు యజ్ద్ పట్నానికి ఒక రోజు ప్రయాణం, షీర్‌కూహ్ కొండ కింద. ఇంట్లో గోహర్, తమ్ముడు బుందార్, మరదలు ఫిరూజే. గోహర్‌కి పదిహేడో ఏట పెళ్లయింది. మరుసటేడు మొగుడు పని వెతుక్కుంటూ బొంబాయి వెళ్లాడు. అక్కడ రెండో వానాకాలంలో జ్వరమొచ్చి పోయాడు. కబురు ఊరికి చేరడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ గోహర్ అతని చొక్కాకి గుడ్డ నేస్తూనే ఉంది. కబురొచ్చాక ఆ గుడ్డ కోసి తమ్ముడికి కుట్టించి, పుట్టింటికి తిరిగొచ్చి, నాయనమ్మ వదిలిన గుంత మగ్గంలో కూర్చుంది. మళ్లీ పెళ్లి మాట ఒకరిద్దరు ఎత్తారు. ఆమె వద్దనీ అనలేదు, సరేననీ అనలేదు. అడిగేవాళ్లే మానేశారు.

యువరాణి అన్న పిలుపుకి కారణం ఆమె నోట్లో ఉన్న ఇరవై మూడు పేర్లు. అగ్నిగుడిలో మొక్కే ఈ ఊరివాళ్ల పాత లెక్క ప్రకారం ఏడాది వేసవి చివర ముగుస్తుంది. ఆ ఆఖరి ఐదు రోజులూ పోయినవాళ్లు తమ ఇళ్లు చూసుకోవడానికి వస్తారు. అందుకని ఊరంతా గోడలకి సున్నం వేసి, మట్టి పళ్లేల్లో బాదంపప్పులూ ఎండుపళ్లూ పోసి, నీళ్ల గిన్నెలో సరూ చెట్టు రెమ్మ వేసి, సదాపాకూ వెల్లుల్లీ నూనెలో వేయించి, రొట్టెలు కాల్చి ఎదురుచూస్తుంది. మిగతా ఇళ్లలో తాతలవి నలుగురైదుగురివి పేర్లు తలుచుకుని "తక్కిన అందరికీ" అని ముగించేస్తారు. గోహర్‌కి అలా కుదరదు. యజ్దగెర్ద్ రాజు దగ్గర మొదలుపెట్టి తన తండ్రి దగ్గర ఆపాలి.

మొదటి పేరు ఆ రాజుది. రాజ్యం అరబ్బులకి పోగొట్టుకుని తూర్పుకి పారిపోయిన పారశీక రాజు, సాసానీ వంశంలో ఆఖరివాడు. రెండోది ఆయన చిన్నకూతురు మెహర్‌బానూది. మూడోది పూలాద్ అనే గాడిదలవాడిది. సైన్యం చెదిరిపోయి రాజుగారి మనుషులు తలో దిక్కూ అయ్యాక, ఆ పిల్ల పూలాద్ గాడిదల వెంట ఎడారి దాటి ఈ కొండ కిందికి వచ్చిందని ఇంట్లో చెప్పుకునేవాళ్లు. దారిలో పదకొండు రోజులు. పన్నెండో రోజున పూలాద్‌కి అనుమానమొచ్చి "అసలు నువ్వెవరమ్మాయివి?" అని అడిగాట్ట. "పదకొండు రోజులుగా నీకు ఉప్పులేని కూడు వండిపెట్టినదాన్ని" అందిట. ఇద్దరూ ఇక్కడే కాపురం పెట్టారు. ఆ తర్వాత వాళ్ల సంతానంలో ఇంటిని అంటిపెట్టుకుని ఉన్నవాళ్ల పేరే లెక్కలోకొచ్చింది, కొడుకైనా సరే, కూతురైనా సరే. ఇరవై మూడింటిలో పది ఆడవాళ్లవి. గోహర్ నాయనమ్మ కూడా ఆ ఇంటి కూతురే. తాత ఇల్లరికం వచ్చినవాడు. ఆయన పేరు లెక్కలో లేదు.

బుందార్ భూమి కింద నీళ్లు నడిచే కనాత్‌లు తవ్వేవాడు. పొద్దున్న తాడు పట్టుకుని బావిలోకి దిగితే సాయంత్రం మట్టికొట్టుకుని పైకొచ్చేవాడు. అక్క పేర్లు చెప్తుంటే బయట అరుగు మీద కూర్చుని నవ్వేవాడు.

"మగాణ్ణి బట్టి వంశం చూస్తే మనం గాడిదలవాడి సంతానమే అక్కా. అందుకే గాడిద మన మాట వింటుంది, మనుషులు వినరు."

"నోరు కడుక్కుని లోపలికి రా. వాళ్లు వింటున్నారు" అనేది గోహర్.

యజ్దగెర్ద్ పట్టాభిషేకం నుంచి లెక్కపెట్టుకునే ఏళ్లలో అది పన్నెండు వందల తొంభై ఏడోది. ప్రతి మనిషికీ ఒక కాయితం ఉండాలనీ, ఆ కాయితంలో ప్రతి ఇంటికీ ఒక ఇంటిపేరు ఉండాలనీ టెహ్రాన్ నుంచి హుకుం వచ్చింది. అప్పటిదాకా ఫలానావాడి కొడుకు ఫలానా అంటే సరిపోయేది. ఒక జిల్లాలో ఒక ఇల్లు తీసుకున్న పేరు ఇంకో ఇల్లు తీసుకోకూడదు. ఊళ్లో పదిహేను రోజులు అదే మాట. నలుగురు కూడితే ఒకరి పేరు ఒకరు లాగేసుకుంటారేమోనన్న బెంగ.

అలాంటి ఒక మధ్యాహ్నం వాకిట్లో గొంతు వినపడింది. "చెల్లెమ్మా, ఇంట్లోనే ఉన్నావా?"

గోహర్ మగ్గం గుంతలోంచి తలెత్తింది. నామ్‌దార్, ఊరివాళ్లు అర్బాబ్ అని పిలిచే షావుకారు. ఇరవై ఏళ్లు బొంబాయిలో వ్యాపారం చేసి, తిరిగొచ్చి ఊళ్లో రెండంతస్తుల ఇల్లు, పిల్లలకో బడి కట్టించిన మనిషి. ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు. వెనకాల పూజారి, దస్తూర్ తీరందాజ్, చంకలో కాయితాలు.

ఫిరూజే గబగబా దుప్పటి పరిచింది. అరికాల్లో ముల్లు తీసుకుంటున్న బుందార్ పెళ్లాం చెవిలో గొణిగాడు. "నిన్నటిదాకా నన్ను ఏరా బావిగాడా అన్న మనిషి, ఇవాళ మా అక్కని చెల్లెమ్మా అంటున్నాడేంటే?"

నామ్‌దార్ ఊరి సంగతులూ వానల సంగతులూ కాసేపు మాట్లాడి, టీ తాగి, అప్పుడు అసలు మాట బయటపెట్టాడు. బొంబాయిలో స్థిరపడ్డ మన మతంవాళ్లు పెద్దపెద్ద వంశవృక్షాలు రాయించి గోడలకి వేలాడదీసుకుంటున్నారు. ఈ ఊళ్లో రాజుగారి రక్తం ఉండి కూడా ఒక్క ముక్క రాసిపెట్టినవాడు లేడు. గోహర్ ఆ పేర్లు చెప్తే దస్తూర్ రాసుకుంటాడు.

"చెప్పడానికేముందండీ" అంది గోహర్. చేతులు కడుక్కుని, తలగుడ్డ సర్దుకుని, చెప్పింది. ఏడో పేరు తర్వాత ఒకసారి ఆగి "పేరు తెలియనివాళ్లకి" అని, మళ్లీ అందుకుంది. కలం ఆమె నోటిని అందుకోలేక దస్తూర్ రెండుసార్లు ఆపించాడు.

రాయడం అయ్యాక దస్తూర్ వేళ్ల మీద లెక్కేసుకున్నాడు. "అమ్మా, పన్నెండు వందల తొంభై ఏడేళ్లు. ఇరవై మూడు మంది. అంటే ఒక్కొక్కరూ యాభై ఆరో ఏట బిడ్డని కని ఉండాలి."

"ఆడవాళ్లు కూడానా?" అంది ఫిరూజే, ఆపుకోలేక.

"మధ్యలో కొందరు జారిపోయుంటారు" అంది గోహర్. "అందుకే ఏడో పేరు తర్వాత ఆగుతాం. నాయనమ్మ అక్కడే ఆగమని చెప్పింది."

"పోనీ, పుస్తకాల్లో చూసి నింపుకోవచ్చు" అన్నాడు నామ్‌దార్. "చిక్కు అది కాదు. ఇందులో సగం మంది ఆడవాళ్లున్నారు. వంశం ఆడవాళ్ల మీదుగా రాయరు కదా. వాళ్లని తీసేస్తే రాజుగారి తర్వాత వచ్చేది..." అంటూ దస్తూర్ చేతిలోని కాయితం కేసి చూసి ఆగిపోయాడు.

"గాడిదలవాడు" అని బుందార్ గోడ దగ్గర్నుంచి అందించాడు.

నామ్‌దార్ గొంతు సవరించుకున్నాడు. "ఇంకో మాట చెల్లెమ్మా. మా తాతా మీ ముత్తాతా అన్నదమ్ములని మా నాన్న అంటూ ఉండేవాడు. పదిమందిలో నువ్వు ఆ మాట అంటే చాలు."

"మీ నాన్నగారు అంటే అనుంటారండీ. మా నాయనమ్మ అనలేదు."

"గుర్తు లేక అనలేదేమో."

"ఆవిడకి ఎవరి మేక ఏ ఏడు ఈనిందో కూడా గుర్తుండేది." గోహర్ కాస్త ఆలోచించి అంది, "కానీ మీకూ మాకూ ఒక బంధం ఉంది. పెద్ద కరువు ఏడు మా నాన్న నెలల పిల్లాడు. నాయనమ్మకి పాలు లేవు. మీ నాయనమ్మ ఖుర్షీద్‌కి అప్పుడే పురిట్లో పిల్ల పోయింది. ఏడు నెలలు మా నాన్నకి ఆవిడే పాలిచ్చింది. ఇప్పటికీ మా పేర్లన్నీ అయ్యాక ఆవిడ పేరు విడిగా చెప్తాను. అది రాయండి, పదిమందిలోనూ చెప్తాను."

నామ్‌దార్ దస్తూర్ వైపు చూశాడు. దస్తూర్ గడ్డం గోక్కున్నాడు. "వంశవృక్షంలో పాలకి చోటు లేదమ్మా."

వాళ్లు వెళ్లిపోయాక గోహర్ మగ్గంలోకి దిగలేదు. అరుగు మీద కూర్చుని చాలాసేపు వీధి చూసింది. అన్నాలప్పుడు తమ్ముడితో అంది, "ఒరేయ్, ఎల్లుండి నువ్వు కాయితాలకి వెళ్లినప్పుడు మన ఇంటిపేరు మెహర్‌బానూ అని రాయించు."

బుందార్ రొట్టె నమలడం ఆపాడు. "ఆడమనిషి పేరా?"

"ఆవిడ నడిచొస్తేనే కదరా మనం ఇక్కడున్నాం."

"సరేలే" అన్నాడు బుందార్.

కాయితాలు రాసే గుమాస్తా బడి గదిలో బల్ల వేసుకుని కూర్చున్నాడు. అందరికంటే ముందు నామ్‌దార్ వెళ్లి "సాసానీ" తీసేసుకున్నాడు. బుందార్ వంతు వచ్చేసరికి వెనకాల ముప్పై మంది నిలబడి ఉన్నారు. ప్రతివాడి పేరుకీ వెనకనుంచి ఒకటే నవ్వులు, ఈలలు.

"ఏం పేరు కావాలి?" అన్నాడు గుమాస్తా.

బుందార్ నోరు తెరిచాడు. వెనక్కి చూశాడు. మూశాడు.

"ఏం పని చేస్తావు?"

"కనాత్‌లు తవ్వుతానండీ."

"అయితే మొఖన్నీ. బావులు తవ్వేవాడు. తర్వాతెవరు?"

ఇంటికొచ్చి కాయితాలు అక్క చేతిలో పెట్టాడు. "ఒప్పుకోలేదక్కా. ఆడవాళ్ల పేర్లు కుదరవన్నాడు." గోహర్‌కి చదువు రాదు. కాయితం తిప్పి చూసింది, తన పేరు ఎక్కడుందో వేలితో చూపించమంది, పక్కనున్నది ఏమిటో అడిగింది. "మొఖన్నీ" అన్నాడు. ఇంకోసారి చదవమంది. చదివాడు. మడిచి గోధుమల కుండ వెనక దాచింది. ఆ పూట నేసిన జానెడు గుడ్డలో పోగులు తప్పాయి. మర్నాడు కూర్చుని విప్పుకుంది.

ఆకురాలే కాలంలో నామ్‌దార్ అగ్నిగుడి వసారాలో ఊరందరికీ విందు పెట్టాడు. కుండల నిండా పులుసు, గంపల నిండా రొట్టెలు. ప్రార్థన అయ్యాక దస్తూర్ తీరందాజ్ రంగురంగుల పువ్వులు గీసిన పొడవాటి కాయితం విప్పి సాసానీ వారి వంశం చదివాడు. నలభై ఒక్క పేర్లు. పుస్తకాల్లోంచి తెచ్చినవి కొన్ని, గోహర్ చెప్పినవి కొన్ని, చివర్న నామ్‌దార్ తాతా తండ్రీ. ఆడపేరు ఒక్కటీ లేదు. రాజుగారి పేరు తర్వాత "ఆయన కుమారుడు, యువరాజు మెహర్‌దాద్" అని దస్తూర్ గొంతు పెంచి చదివాడు. పూలాద్ లేనే లేడు.

ఆడవాళ్లున్న వైపు నుంచి ఎవరో అన్నారు, "ఏమే యువరాణీ, మీ అవ్వకి మీసాలొచ్చాయి."

ఫిరూజే నవ్వి నవ్వి పొలమారిపోయింది. పక్కనున్నవాళ్లు వీపు చరిచారు. గోహర్ నవ్వలేదు. తన వాటా బాదంపప్పులు తలగుడ్డ కొంగున కట్టుకుని, చెప్పులు వెతుక్కుని ఇంటికొచ్చేసింది.

బుందార్ వెనకాలే వచ్చాడు. వాకిట్లో అటూ ఇటూ తిరిగాడు. చీపురు తీసి ఊడ్చిన చోటే ఊడ్చాడు. "నేనడగలేదక్కా" అన్నాడు చివరికి. "గుమాస్తా ఏమీ అనలేదు. వెనకాల అందరూ నవ్వుతారని నేనే అడగలేదు."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"అబద్ధం చెప్పేటప్పుడు చెవి గోక్కుంటావు. చిన్నప్పట్నుంచీ అంతే."

"మళ్లీ వెళ్లి మార్పించనా?"

"పట్నం దాకా వెళ్లి రెండు రోజుల పని పోగొట్టుకుంటావా? వద్దులే. ఆ చీపురు అక్కడ పెట్టి తిను." కొంగు విప్పి పప్పులు అతని ముందు పోసింది. తనూ రెండు తీసుకుంది. ఆమెకి కోపం వచ్చిందో లేదో బుందార్‌కి అంతు పట్టలేదు. ఆరోజు నుంచి పేర్లు చెప్పేటప్పుడు మాత్రం అతను నవ్వడం మానేశాడు.

చలి ముదిరాక ఒక ఉదయం నామ్‌దార్ తల్లి దౌలత్ కర్ర పోటేసుకుంటూ వచ్చింది. కొడుకు అర్బాబ్ అయినా ఆవిడ రెండంతస్తుల ఇంట్లో కింద గదిలోనే ఉంటూ, పొద్దస్తమానం దారం వడుకుతూ ఉండేది. మగ్గం పక్కన చతికిలపడి ఊపిరి తీసుకుంది.

"మావాడి కాయితంలో నలభై ఒక్కమంది మగాళ్లున్నారే. ఒకణ్ణొకడు కనేశారు. మంత్రసాని కూడా అక్కర్లేకపోయింది."

"అందుకా పెద్దమ్మా ఇంత చలిలో వచ్చావు?"

"కాదు. నేను పోతే నా పేరు ఎవరు తలుస్తారని అడుగుదామని. వాడి కాయితం ప్రకారం నేను పుట్టనే లేదు. నీ పేర్ల చివర నన్నూ తగిలించు."

గోహర్ నాడె పక్కన పెట్టింది. "నువ్వు మా ఇంటిదానివి కాదు కదా పెద్దమ్మా. నీ కొడుక్కి కాదన్నమాట నీకు ఔనంటే ఏం బాగుంటుంది?"

"మా అత్త పేరు చెప్తావా లేదా?"

"చెప్తాను. పాలిచ్చింది కాబట్టి."

"ఆవిడ పక్కన నన్ను కూర్చోబెట్టు. కోడల్ని, అత్త పక్కన కాక ఎక్కడికి పోతాను? బతికున్నన్నాళ్లూ ఆవిడ పక్కనే కూర్చున్నాను, తిట్లు తింటూ."

గోహర్ కాసేపు ఆలోచించింది. అందులో అబద్ధమేమీ కనపడలేదు. "సరే" అంది. దౌలత్ కర్ర అందుకుని లేచి, గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "గట్టిగా చెప్పు. నాకు చెవుడు."

మూడేళ్లకి దౌలత్ పోయింది. ఆ ఏడు చివరి ఐదు రోజుల్లో మూడో రోజు పొద్దున్నే గోహర్ పళ్లేలు సర్దుకుని పేర్లు మొదలుపెట్టింది. సగంలో ఉండగా గుమ్మంలో ఎవరో నిలబడ్డట్టు నీడ పడింది. ఆమె ఆపలేదు. ఇరవై మూడూ అయ్యాయి. "పాలిచ్చిన ఖుర్షీద్‌కి" అంది. తర్వాత, కాస్త గొంతు పెంచి, "ఖుర్షీద్ కోడలు దౌలత్‌కి" అంది.

గుమ్మంలో ఉన్నది నామ్‌దార్. ఏదో పని మీద బుందార్ కోసం వచ్చాడు. ఆ పనేమిటో మర్చిపోయినట్టు నిలబడ్డాడు.

"మా అమ్మ పేరు నువ్వెందుకు చెప్తున్నావు?"

"ఆవిడే అడిగిందండీ."

"నాతో ఎప్పుడూ అనలేదే." గుమ్మం మీద కూర్చున్నాడు. పట్టుచొక్కాకి సున్నం అంటుకుంది. "ఇంట్లో నేను దస్తూర్ చేత పేర్లు చెప్పించాను. ఆ కాయితం ప్రకారం చదివాడు. అమ్మ పేరు రాలేదు. అప్పుడు నాకు తోచనేలేదు."

గోహర్ పళ్లెం అతని ముందుకి జరిపింది.

"మా నాన్న పేరు కూడా చెప్పకూడదూ?" అన్నాడు.

"ఆయన మాకు పాలివ్వలేదు కదండీ."

నామ్‌దార్ నవ్వాడు. ఆ మనిషి అంత గట్టిగా నవ్వడం ఫిరూజే ఎప్పుడూ వినలేదు. వంటింట్లోంచి తొంగిచూసింది. అతను గుప్పెడు బాదంపప్పులు తీసుకుని, ఒకటొకటే తిని, లేచి వెళ్లిపోయాడు. మరుసటేడు మూడో రోజు మళ్లీ వచ్చాడు. ఆ తర్వాత ఊళ్లో ఉన్న ప్రతి ఏడూ వచ్చి గుమ్మం మీద కూర్చుని పేర్లు అయ్యేదాకా విని వెళ్లేవాడు. తన కాయితం మాత్రం మార్పించలేదు. ప్రపంచ యుద్ధం రోజుల్లో కొడుకుల దగ్గరికి టెహ్రాన్ వెళ్తూ దాన్ని గొట్టంలో చుట్టి వెంట పట్టుకెళ్లాడు.

గోహర్ అరవయ్యో ఏటి దాకా బతికింది. ఆఖరి ఐదారేళ్లు కళ్లు మసకేసి మగ్గం మానేసింది. పేర్లు ఫిరూజేకి నేర్పాలని చూసింది. "మా పుట్టింటి పేర్లే నాకు నిలవవు వదినా" అని ఫిరూజే చేతులెత్తేసింది. బుందార్‌ని ఆమె అడగలేదు. అతనికి వచ్చునని ఆమె అనుకుందో, రాదని అనుకుందో ఎవరికీ తెలియదు. ఒక చలికాలం దగ్గుతో పడుకుని, తొమ్మిదో రోజున వేడి పులుసు అడిగి తాగి, ఆ మధ్యాహ్నం పోయింది.

ఆ వేసవి చివర ఫిరూజే గోడలకి సున్నం వేసి, పళ్లేలు సర్దింది. బుందార్ తలకి గుడ్డ చుట్టుకుని వచ్చి కూర్చున్నాడు. గొంతు సవరించుకుని యజ్దగెర్ద్ అన్నాడు, మెహర్‌బానూ అన్నాడు, పూలాద్ అన్నాడు. ఏడు దాకా తడుముకోలేదు. పదకొండు దగ్గర ఆగిపోయాడు. ఫిరూజే ఒక పేరు అందించింది. "అది మీ మేనమామ పేరు కదే" అన్నాడు. అక్కడక్కడా పట్టుకుని పదహారు పూర్తిచేశాడు. తర్వాత ఖుర్షీద్, దౌలత్, చివర్న గోహర్.

"ఏడు తప్పిపోయాయి" అంది ఫిరూజే.

"తెలుసులేవే. నూనె మాడుతోంది చూడు."

అప్పటికి అతనికి యాభై ఏడు. పెద్ద తవ్వకాలు మానేసినా, ఏటా కనాత్‌లో పూడిక తీయడానికి దిగుతూనే ఉన్నాడు. ఆ ఏడాదంతా మోకాళ్లలోతు నీళ్లలో వంగి బురద ఎత్తుతూ, పైన తాడు లాగేవాళ్లు వినేలా పేర్లు వల్లించుకుంటూ పనిచేశాడు. మళ్లీ వేసవి వచ్చేసరికి రెండు దొరికాయి. ఒకటి పరీదుఖ్త్, పదిహేడో పేరు. దాని చోటు అతనికి ఖాయంగా తెలుసు. రెండోది బహ్రామ్. అది ఎక్కడ రావాలో ఎంత తన్నుకున్నా గుర్తుకు రాలేదు. పేరు వదిలేయడం ఇష్టంలేక, ఏడో పేరు తర్వాత, పేరు తెలియనివాళ్ల కోసం ఆగే చోట పెట్టాడు.